ఎవరి వంతు?

పాత ఇల్లు వారసత్వంగా వచ్చినవాళ్లను ఎవరిని కదిపినా ముందు ఒకటే అడుగుతారు: ఉంచుకోవాలా, అమ్మేయాలా? ఈ అధ్యాయం చదివినంతసేపు ఆ ప్రశ్నను పక్కన పెట్టండి. ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతున్నంతకాలం కుటుంబంలో ఎవరూ చీపురు పట్టరు. ఏదో ఒకటి తేలేదాకా ఖర్చెందుకని అందరూ ఆగుతారు. వాన మాత్రం ఆగదు. పదేళ్లకు అందరూ తీరిగ్గా కూర్చుని మాట్లాడుకునే వేళకు మాట్లాడుకోవడానికి ఇల్లే మిగలదు.

ఇది చెప్పడానికి నేను ఎంచుకున్న ఇల్లు హైదరాబాద్‌లోని కార్వాన్‌లో ఉంది. గోల్కొండ కోట నుంచి మూసీ మీది పురానాపూల్ దాకా సాగే దారిలో, వర్తకుల బిడారులు దిగిన చోటు కార్వాన్. ఆ వంతెన 1578 నాటిది, అంటే చార్మినార్ కంటే 13 ఏళ్లు పెద్దది. 17వ శతాబ్దంలో వజ్రాల బేరానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, వంతెనకు ఇవతల ఉన్న పొడవాటి శివారు గురించి రాశాడు. దొరలూ అధికారులూ నగరంలో ఉంటారట. వర్తకులు, దళారులు, పనివాళ్లు ఈ శివారులో ఉంటారట. పొద్దున 10, 11 గంటలకు నగరంలోకి వెళ్లి బేరాలు చేసుకుని, సాయంత్రం 4, 5 గంటలకు నిద్రకు ఇంటికి తిరిగొచ్చేస్తారట. ఆఫీసుకెళ్లి ఇంటికొచ్చే మన బతుకే ఇది, మూడున్నర శతాబ్దాల కిందటిది.

కుతుబ్‌షాహీలు పోయి అసఫ్‌జాహీలు వచ్చాక కూడా కార్వాన్ సాహుకార్ల పేటగానే ఉండిపోయింది. గుజరాతీ, మార్వాడీ, గోసాయి సాహుకార్లు ఇక్కడా బేగంబజార్‌లోనూ గద్దెలు పెట్టి నిజాం సర్కారుకే అప్పులిచ్చారు. అలాంటి ఒక గుజరాతీ సాహుకారు కుటుంబానిదే రాజా భగవాన్‌దాస్ బాగ్. ఆ తోటలోని చెక్క మేడ రెండంతస్తులది. బరువు మోసే స్తంభాలు, దూలాలు, వాటి మీద నిలిచిన పై అంతస్తు, అంతా కర్రే. దాని వయసు రెండు వందల ఏళ్ల పైమాట అంటారు. హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ ప్రకటించిన రక్షిత కట్టడాల జాబితాలో దాని పేరు చేరింది. అది మ్యూజియం కాదు, ఒక కుటుంబపు సొంత ఆస్తి. కాబట్టి చూసొద్దామని పరుగెత్తకండి. అడక్కుండా ఒకరి గేటు తోయడం చరిత్ర మీద ప్రేమ కిందికి రాదు. ఆ కుటుంబం లోపలి సంగతులూ మనకు అక్కర్లేదు. రాతి కట్టడాలకు పేరుపడ్డ చోట, మూసీకి అంత దగ్గర్లో, ఇన్ని తరాల పాటు కర్ర ఎలా నిలబడుతుందన్నదే మనకు కావలసింది.

చాలామంది అనుకున్నట్టు కర్ర బలహీనమైనదేమీ కాదు. జపాన్‌లో హోర్యూజీ ఆలయపు చెక్క కట్టడాలు దాదాపు 1300 ఏళ్లుగా నిలిచే ఉన్నాయి. కర్రకు పట్టింపులు ఎక్కువ, అంతే. తడిస్తే ఆరనివ్వాలి, గాలి తగలనివ్వాలి, ఎండా వానా నేరుగా కొట్టకుండా చూరు కాచాలి. ఈ మూడూ జరిగినంతకాలం మంచి టేకు ముసలిదవదు. కర్రలో తేమ 20 శాతం దాటి అక్కడే నిలిచిపోయినప్పుడు మాత్రం బూజు పుడుతుంది, మెత్తబడుతుంది, వెనకే చెదలు వస్తాయి. అందుకే పాత మేస్త్రీలు చెక్క స్తంభాన్ని నేల మీద నేరుగా నిలబెట్టేవారు కాదు. కింద ఒక రాతి పీట వేసి దాని మీద నిలిపేవారు. నేల చెమ్మ రాతి దగ్గరే ఆగిపోయేది. తర్వాతి తరాలవాళ్లు నేల ఎత్తు పెంచి, టైల్సు వేసి, ఆ రాతి పీటను సిమెంటులో పూడ్చేస్తారు. స్తంభం పాదం అప్పటినుంచి కుళ్లడం మొదలవుతుంది. ఇల్లు ముసలిదైపోయిందని నింద మాత్రం తాతగారి మేస్త్రీ మీద పడుతుంది.

కర్రలో నాకు నచ్చే గుణం ఇంకోటుంది. అది చెప్పి మరీ చెడుతుంది. సిమెంటు లోపలి ఇనుము తుప్పు పట్టిన సంగతి చాలాసార్లు పెచ్చు ఊడి నెత్తిన పడ్డాకే తెలుస్తుంది. కర్ర అలా కాదు. ముందు రంగు మారుతుంది, తర్వాత తలుపు బిగుసుకుంటుంది, మెట్టు కిర్రుమంటుంది, దూలం కింద సన్నటి పొడి రాలుతుంది. ఇన్నిసార్లు పిలిచినా పలకనివాళ్ల ఇల్లే కూలుతుంది. పైగా పాత చెక్క ఇళ్లలో ఒక ముక్క చివరను చెక్కి రెండోదాని బెజ్జంలో దిగ్గొట్టి, చెక్క మేకుతో బిగించేవారు. అలాంటి అతుకును ఊడదీయొచ్చు. పాడైన ముక్కను మాత్రమే తీసి, అదే జాతి కర్రతో కొత్తది కూర్చొచ్చు. మొత్తం ఇల్లు బాగు చేయించాలంటే ఎవరి గుండైనా జారిపోతుంది. ఈ ఏడాది మూడో స్తంభం పాదం ఒక్కటే అనుకుంటే జారదు.

గుజరాత్ నుంచి వచ్చిన వర్తకులకు కర్ర కొత్త కాదు. అహ్మదాబాద్ పాత నగరంలో పోళ్లు అనే గుబురు వాడల్లో ఇటుక గోడల మధ్య చెక్క చట్రాలు బిగించిన ఇళ్లు వరసలు వరసలుగా ఉన్నాయి. భూమి కదిలినప్పుడు ఆ చెక్క పట్టీలు గోడను పట్టి ఉంచుతాయి. 2017లో యునెస్కో అహ్మదాబాద్‌ను ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించింది. భారతదేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి నగరం అదే. గుర్తింపు వచ్చినా అక్కడా తాళాలు పడ్డ ఇళ్లున్నాయి, కూలిన ఇళ్లున్నాయి. పదేళ్లు ఎవరూ కిటికీ తెరవని ఇంటిని ఏ బిరుదూ నిలబెట్టలేదు.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే దివాన్ దేవ్‌డీ వైపు వెళ్లండి. నిజాంల దివాన్లుగా పనిచేసిన సాలార్‌జంగ్‌ల నివాసం అది. మూడో సాలార్‌జంగ్ 1949లో వారసులు లేకుండా చనిపోయాడు. ఆయన సేకరణతో 1951 డిసెంబర్ 16న నెహ్రూ మ్యూజియం ప్రారంభించింది ఆ దేవ్‌డీలోనే. 1968లో మ్యూజియం మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనానికి మారింది. దేవ్‌డీ మాత్రం ముక్కలు ముక్కలుగా అమ్ముడై బజారులో కలిసిపోయింది. ఇప్పుడు అక్కడ పాత ఇంటి గుర్తుగా ప్రధానంగా కనబడేవి దర్వాజాలు. మ్యూజియానికి చేరిన గడియారం, మేలిముసుగు రెబెకా పాలరాతి బొమ్మ భద్రంగా మిగిలాయి. వాటికి రోజూ తుడిచే ఉద్యోగి ఉన్నాడు, రిజిస్టరు ఉంది, బడ్జెట్టు ఉంది. ఇంటికి ఎవరి పేరూ రాసి లేదు.

మన ఇళ్లలో జరిగేదీ ఇదే. అమ్మ నగలకు ఎవరి బీరువా అన్నది ఆమె బతికుండగానే తేలిపోతుంది. ఇంటి పైకప్పు మీద ఆకులు ఎవరు తీయాలన్నది ఎప్పటికీ తేలదు. ఇల్లంటే ప్రేమ లేని వారసుణ్ణి నేనింతవరకు చూడలేదు. వాట్సాప్ గ్రూపులో పాత ఫొటో పెట్టగానే చికాగో నుంచీ జెడ్డా నుంచీ గుండె బొమ్మలు కురుస్తాయి. లేనిది ప్రేమ కాదు, వంతు. ఏ నెలలో ఏ పని ఎవరిదో కాగితం మీద ఉండదు. అందరిదీ అయిన ఇల్లు పనికొచ్చేసరికి ఎవరిదీ కాకుండా పోతుంది.

కాబట్టి మొదట చేయవలసింది ఇంటికి సంబంధించిన పని కాదు, మనుషులకు సంబంధించినది. హక్కుదారులెవరో రాసుకోండి. ఇది వినడానికి తేలిక. తెలుగు నేల మీద హిందూ కుటుంబాల ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు వాటా 1986 నాటి సవరణ చట్టంతోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా ఇంటి విషయం మాట్లాడటానికి అన్నదమ్ములే కూర్చుని, అక్కచెల్లెళ్లకు సంతకం రోజున ఫోన్ చేసే కుటుంబాలు ఇప్పటికీ ఎన్నో. ముస్లిం కుటుంబాల్లో వాటాలు షరియత్ ప్రకారం మరణంతోనే తేలిపోతాయి, కాని రెండు మూడు తరాలు కాగితం చేయించకుండా వదిలేస్తే ఒక చిన్న దేవ్‌డీకి ముప్పై నలభై మంది హక్కుదారులు తయారవుతారు. ఏ మతమైనా ఏ చట్టమైనా సలహా ఒకటే: పేర్లు, చుట్టరికాలు, ఫోన్ నెంబర్లు ఒక పెద్ద కాగితం మీద వంశవృక్షంలా రాయండి. చనిపోయినవారి పేరు మీదే ఉన్న ముటేషన్‌ను మార్పించండి. లాయరు ఫీజుకు వెనకాడకండి. ఈ కాగితం లేకుండా పిలిచిన వడ్రంగి పని మధ్యలో ఆగిపోతాడు, ఎందుకంటే ఎవరో ఒక బావగారు ఫోన్ చేసి 'ఎవర్ని అడిగి విప్పారు?' అంటారు.

తర్వాత మాట్లాడాలి. ఎలా మాట్లాడాలన్నది ముఖ్యం. పండగకు కలిసినప్పుడు భోజనాల దగ్గర ఎత్తకండి, అక్కడ కోపాలూ కూరలూ కలిసిపోతాయి. ముందే రోజు చెప్పి, ఇంట్లోనే, వీలైతే వాన పడే రోజుల్లో కూర్చోండి. కారుతున్న చోటు అందరి కళ్లముందు కారుతుంటే సగం వాదనలు వాటంతటవే ఆగిపోతాయి. 'ఇల్లు ఉంచుదామా?' అని మొదలుపెడితే రెండు వర్గాలు పుడతాయి. దాని బదులు 'అన్నయ్యా, ఈ ఒక్క ఏడాది ఇల్లు ఇంతకంటే పాడవకుండా చూద్దాం. అమ్మినా మంచి ధర వస్తుంది, ఉంచినా మంచిదే' అని చూడండి. అమ్మాలనుకునే తమ్ముడికీ ఉంచాలనుకునే అక్కకీ కూడా ఈ మాట మీద పేచీ ఉండదు. ఏడాది తిరిగాక మళ్లీ ఏడాదికి మాట్లాడుకోండి. పాత ఇళ్లు శాశ్వత నిర్ణయాల మీద నిలబడటం నేను పెద్దగా చూడలేదు. ఏడాదికోసారి కుదిరే ఒప్పందాల మీద నిలబడటం చూశాను.

ఆ ఇంట్లోనే ఉంటున్నవాళ్ల గురించి ఒక మాట. సాధారణంగా ఒక పిన్నిగారో, పెళ్లికాని మేనమామో, సంపాదన తక్కువైన తమ్ముడో ఉంటారు. బయట ఉన్నవాళ్ల లెక్కలో వాళ్లు అద్దె లేకుండా ఉంటున్నారు. వాళ్ల లెక్కలో వాళ్లు జీతం లేకుండా కాపలా కాస్తున్నారు. రెండూ నిజమే. ఆ రెండూ ఒకే కాగితం మీద రాసేదాకా మనసులు తేటపడవు. వాళ్లు ఇన్నేళ్లూ పెట్టిన ఖర్చు, చేసిన చాకిరీ ముందు ఒప్పుకుని, ఆ తర్వాతే వాటాల సంగతెత్తండి.

డబ్బు దగ్గరికొద్దాం. కార్వాన్‌లోనే 1671లో కట్టిన టోలీ మసీదు ఉంది. దానికి దమ్డీ మసీదు అని ఇంకో పేరు. మక్కా మసీదు పనుల పర్యవేక్షణ చూసిన మీర్ మూసా ఖాన్ మహల్‌దార్, అక్కడ ఖర్చయిన ప్రతి రూపాయికీ తనకు ముట్టిన ఒక చిన్న నాణేన్ని, దమ్డీని, కూడబెట్టి దీన్ని కట్టించాడని జనం చెప్పుకుంటారు. కథలో ఎంత నిజముందో గానీ, ఇంటి నిధికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనబడలేదు. పెద్ద మొత్తం కోసం ఎదురుచూడకండి. ప్రతి వాటాదారూ నెలకు అందరూ భరించగలిగిన చిన్న మొత్తం, ఒకే ఉమ్మడి ఖాతాలోకి, ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి. అందరికంటే పేద వాటాదారుకు ఎంత వీలవుతుందో అదే మొత్తం. ఎక్కువ ఇవ్వగలిగినవాళ్లు ఎక్కువ ఇస్తామంటే విడిగా రాసుకోండి, ఆ డబ్బుతో ఎక్కువ మాట కొనుక్కోకుండా చూసుకోండి. అమెరికా అన్నయ్య ఒకేసారి పంపిన పెద్ద చెక్కుతో బాగుపడ్డ ఇళ్లకంటే, ఆ చెక్కు చుట్టూ గొడవపడి తలుపులు మూసుకున్న ఇళ్లే ఎక్కువ.

ఇక పనుల వంతు. నెలల లెక్క మరిచిపోతాం, కార్తెల లెక్క తెలుగువాళ్లు మరవరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండకు తలుపులూ దూలాలూ కుంచించుకుపోయి అతుకుల్లో సందులు కనిపిస్తాయి. చూసి భయపడి వాటిలో సిమెంటో పుట్టీయో నింపకండి. శ్రావణం వచ్చేసరికి కర్ర ఉబ్బుతుంది, నింపింది తన్నేస్తుంది, చుట్టూ ఉన్న కర్రను చీలుస్తుంది. అలాగే వానల్లో బిగుసుకున్న తలుపును వెంటనే చిత్రిక పట్టించకండి. ఎండాకాలం వచ్చాక అది వదులై గాలికి కొట్టుకుంటుంది. పాత వడ్రంగులు కాలం మారేదాకా ఆగి చూసేవారు. ఇప్పటి వడ్రంగికి మరో ఇంట్లో పనుంటుంది, ఆగడు. మీరే ఆపాలి.

మృగశిర జూన్ 7, 8 తేదీల్లో మొదలవుతుంది. హైదరాబాద్‌లో చేప ప్రసాదం రోజు కాబట్టి ఎవరికైనా గుర్తుంటుంది. అది వచ్చేలోగా పైకప్పు పని పూర్తవ్వాలి. కప్పు మీది ఆకులు, పావురాల రెట్టలు, గాలిపటాల దారాలు, నీళ్లు పోయే తూములో ఇరుక్కున్న ప్లాస్టిక్ కవరు, ఇవి తీసేయడానికి ఒక ఆదివారం, ఇద్దరు మనుషులు చాలు. పిట్టగోడ సందులో రావి మొలక కనబడితే పైపైన తుంచకండి. తుంచినకొద్దీ వేరు లావెక్కుతుంది. రెండాకుల వయసులో, వాన పడ్డ మర్నాడు, వేరుతో సహా లాగేయండి. దేవుడి చెట్టని మొహమాటపడేవాళ్లుంటే కుండీలో నాటి గుడికివ్వండి. గోడను చీల్చే దాకా చూస్తూ ఊరుకోవడం మాత్రం భక్తి కాదు.

వానలు మొదలయ్యాక మొదటి పెద్ద జల్లుకు ఇంట్లో ఉండండి. ఇది ఎవరికీ అప్పగించలేని పని. టార్చిలైటు, సుద్దముక్క పట్టుకుని గది గదీ తిరగండి. నీటి మరక ఎక్కడ మొదలైందో అక్కడ గీత గీసి తేదీ వేయండి, ఫొటో తీయండి. దూలం గోడలోకి దూరే చోట్లను ప్రత్యేకంగా చూడండి. కర్ర ఎక్కువగా కుళ్లేది కంటికి కనబడే నడుమ భాగంలో కాదు, గోడలో దాగిన కొసల్లో. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవరు మొనతో నొక్కండి. మంచి కర్ర ఎదురు తిరుగుతుంది, చెడ్డది లోపలికి దిగుతుంది. వేలి కణుపుతో కొడితే బోలుగా మోగినా అనుమానించాల్సిందే. గోడ మీద మట్టి గీతలు పాకుతుంటే అవి చెదల దారులు. మట్టి రాల్చేసి మందు కొట్టించినంతమాత్రాన సరిపోదు, దగ్గర్లో తేమ ఎక్కడుందో వెతకాలి. పాతబస్తీ ఇళ్లలో ఆ తేమకు మూలం చాలాసార్లు తాతలనాటి లోపం కాదు. పై అంతస్తులో తర్వాత కట్టుకున్న బాత్రూమూ, కిటికీకి వేలాడదీసిన ఎయిర్‌కూలరూ దానికి మూలం. వేసవంతా కూలర్ నీళ్లు కారిన గుమ్మం చెక్కను ఒకసారి ముట్టుకుని చూడండి.

గోడల సంగతి. డంగు సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చుకుని మళ్లీ బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే లోపలి తేమకు దారి మూసుకుపోయి పక్కనే ఉన్న చెక్కలోకి వెళ్తుంది. సిమెంటుతో బలం వస్తుందని చెప్పే కాంట్రాక్టరు చెడ్డవాడు కాకపోవచ్చు, అతనికి తెలిసింది అదే. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరికేదాకా ఆగడం మేలు. బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి సున్నం నూరించే పద్ధతి దక్షిణాదిలో ఇంకా బతికే ఉంది. చెక్కకు మెరిసే ఎనామిల్ రంగు వేయించే మోజు కూడా మానుకోండి, అది లోపలి తేమను బంధిస్తుంది. పలచగా అవిసె నూనె పట్టించి తుడిస్తే చాలు. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి: అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ముద్దగా మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి పారేయండి.

నిప్పు మాట వచ్చింది కాబట్టి నెమ్మదిగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. 2025 మే 18 పొద్దున్నే చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో, కింద దుకాణాలు పైన కాపురం ఉన్న పాత వర్తక భవనంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు. వాళ్లలో 8 మంది పిల్లలు. షార్ట్ సర్క్యూట్ వల్లేనని అధికారులు మొదట చెప్పారు. బయటికి రావడానికి ఇరుకు మెట్ల దారి ఒక్కటే. ఇలాంటి ఇంట్లో ఉండేవాళ్లు వారసత్వం, సౌందర్యం వగైరా తర్వాత మాట్లాడుకోవచ్చు. ముందు కరెంటు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో మొత్తం వైరింగు చూపించండి. చెక్క మీద నేరుగా పాకే తీగలను పైపుల్లోకి మార్పించండి. ఎంసీబీతో పాటు లీకేజీని పట్టి ఆపే బ్రేకరు పెట్టించండి. ఏసీలకు విడి లైను వేయించండి. మెట్ల దారిలో ఇన్వర్టరు బ్యాటరీ, స్కూటరు, సిలిండరు పెట్టనివ్వకండి. రెండో దారి ఒకటి ఉందో లేదో చూడండి. లేకపోతే పై అంతస్తులో రాత్రి పడుకోవడం మానండి. ఇల్లు మొత్తం మీద ఒక్క పనికే డబ్బుందంటే ఆ డబ్బు దీనికే.

చట్టం గురించి ఆశలూ భయాలూ రెండూ ఎక్కువే. హైదరాబాద్‌లో 1981 నాటి జోనింగ్ నియమాలకు 1995లో 13వ నిబంధన చేర్చారు, 1998లో 137 కట్టడాలతో జాబితా ప్రకటించారు, సలహాకు వారసత్వ పరిరక్షణ కమిటీ పెట్టారు. 2015 డిసెంబరులో ప్రభుత్వం ఆ నిబంధనను ఎత్తేసింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఇర్రం మంజిల్ అనే పాత మహలును కూల్చి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. ఇంటి యజమానికి వీటి సారం ఇది: జాబితాలో పేరుంటే కూల్చడానికీ మార్చడానికీ అడ్డు చెప్పేవాళ్లుంటారు, బాగుచేయడానికి నిచ్చెన మోసుకుని ఎవరూ రారు. అది అన్యాయమే. సొంత ఖర్చుతో ఊరికి చరిత్ర మిగిల్చే కుటుంబానికి ఆస్తిపన్నులో ఊరటైనా దక్కాలని నేను గట్టిగా నమ్ముతాను. అహ్మదాబాద్‌లో వారసత్వ ఇంటి మీద కట్టుకోలేని అంతస్తుల హక్కును మరోచోట అమ్ముకునే టీడీఆర్ వీలు కల్పించారు. ఇక్కడ మీ ఇంటికి ఏం వర్తిస్తుందో జీహెచ్ఎంసీని రాతపూర్వకంగా అడగండి, జవాబు రాతలోనే తీసుకోండి. నోటిమాట మీద సున్నం కూడా కొట్టించకండి. వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ హైదరాబాద్ శాఖలో ఇలాంటి ఇళ్ల సంగతి తెలిసిన ఆర్కిటెక్టులుంటారు. కాంట్రాక్టరు కంటే ముందు వాళ్లను సంప్రదించండి.

ఇంట్లో మనుషులు మసలాలి. తాళం వేసిన గది చెడినంత వేగంగా ఏదీ చెడదు. అందరికీ ఉండటానికి వీలు లేకపోతే కింది భాగాన్ని నిప్పూ బరువు యంత్రాలూ లేని పనికి అద్దెకివ్వండి: ఒక కుట్టుపని కేంద్రం, వాస్తుశిల్పుల ఆఫీసు, సంగీత పాఠశాల. సినిమా షూటింగులకు ఇస్తే డబ్బొస్తుంది, కానీ మేకులు కొట్టడం, లైట్ల వేడి, రంగులు మార్చడం గురించి ఒప్పందంలో రాయించకుండా ఇవ్వకండి. అద్దె డబ్బు పంచుకోవద్దు, ఉమ్మడి ఖాతాలోకే వెళ్లనివ్వండి.

ఇన్ని చెప్పాక నిజం కూడా చెప్పాలి. అన్ని ఇళ్లూ నిలవవు, నిలపాల్సిన అవసరమూ లేదు. స్తంభాలన్నీ బోలుపోయి, హక్కుదారులు కోర్టులో ఉండి, పిల్లలు పడుకునే గది మీద కప్పు వంగి ఉంటే దాన్ని పట్టుకుని వేలాడటం మనుషుల మీద దయలేనితనం. వదిలేయాల్సి వస్తే పద్ధతిగా వదలండి. ఆర్కిటెక్చర్ కాలేజీవాళ్లను పిలిచి కొలతలు తీయించండి, గది గదికీ ఫొటోలు తీయించండి, పాత దస్తావేజులు స్కాన్ చేయించండి. చెక్కిన స్తంభాలను వంటచెరుకు ధరకు పోనివ్వకండి. పాత టేకును కోరి కొనేవాళ్లున్నారు, మరో పాత ఇంటిని బాగుచేసేవాళ్లకు అది బంగారం. జాబితాలో ఉన్న ఇంటికైతే ఇవేవీ అనుమతి లేకుండా చేయకూడదు.

మీకు అలాంటి ఇల్లుంటే ఈ పుస్తకం మూసేముందు ఒక పని చేయండి. మీ కుటుంబ గ్రూపులో పాత ఫొటో కాకుండా, పైకప్పు తూము శుభ్రం చేయడానికి ఒక తేదీ, రెండు పేర్లు పెట్టండి. ఆ రెండింట్లో ఒకటి మీ పేరే కావాలి.